క్రిస్మస్ చెట్టుకు పావడా

డిసెంబరు నెల వచ్చునప్పటికి గోదావరి డెల్టాలో సార్వా కోతలు ముగింపునకు వచ్చును. ధనుర్మాసపు ముగ్గులు వాకిళ్ళలో కనబడును. ఆ దినములలోనే క్రైస్తవుల ఇండ్ల ముంగిళ్ళలో కాగితపు నక్షత్రములు వెలుగును. పెంటపాడు, తాడేపల్లిగూడెము మొదలుకొని ఏలూరు వరకు, అటు కొల్లేటి గట్టు గ్రామముల వరకు, ఇంటిలో ఒక మూల సరుగుడు కొమ్మను నిలిపి, రంగుకాగితములతోను దీపములతోను అలంకరించుట మనకు పరిచితమైన ఆచారమే. కొమ్మ పైభాగమునకు జరుగు అలంకరణలో లోటుండదు. మొదట మాత్రము ఇసుక నింపిన బకెట్టో, పాత నూనెడబ్బాయో, దానికి చుట్టిన వార్తాపత్రికయో కనబడుచుండును. ఆ మొదలును కప్పు వస్త్రమును ఆంగ్లమున ట్రీ స్కర్టు అందురు. మనము దానిని చెట్టు పావడా అనుకొందము. దానిని ఇంటియందే కుట్టుకొను విధమును, దాని అంచునకు వేయు లేసు విలువను ఇచట వివరింతుము.

ఈ వస్త్రము కేవలము అలంకారము కొరకు పుట్టినది కాదు. క్రిస్మస్ చెట్టు ఆచారము 16వ శతాబ్దమున జర్మన్ భాషా ప్రాంతములలో ఆరంభమయ్యెను. ఇంగ్లండులో విక్టోరియా రాణి, ఆమె భర్త ఆల్బర్టు తమ పిల్లలతో చెట్టు చుట్టు నిలిచిన చిత్రమును 1848లో ఒక లండను సచిత్ర వారపత్రిక ప్రకటించిన పిమ్మట ఆ ఆచారము సామాన్య గృహములకు శీఘ్రముగ వ్యాపించెను. ఆ కాలమున చెట్టుకు మైనపు వత్తులు వెలిగించెడివారు. కరిగిన మైనము నేలపై బడును, ఆకులు రాలును. ఈ రెంటినుండి నేలను, తివాసీని కాపాడుటకు చెట్టు క్రింద గుడ్డ పరచెడివారు. 1882లో న్యూయార్కు నగరమున ఎడ్వర్డు జాన్సన్ అను నతడు మొదటిసారిగ విద్యుద్దీపములను చెట్టుకు కట్టెను. క్రమముగ మైనపు వత్తులు తొలగినవి. క్రింది గుడ్డ మాత్రము నిలిచి, చెట్టు దిమ్మను మరుగుపరచు అలంకారముగ మారినది.

మన ప్రాంతమున దాని అవసర మింకను ఎక్కువ. ఐరోపావారి చెట్టు దేవదారు జాతికి చెందినది. మన సరుగుడు సముద్రతీరపు ఇసుక నేలలలో తోటలుగ పెరుగునది. చూపునకు పోలికయే గాని ఆ జాతిది కాదు. సరుగుడు ఆకులని మన మనుకొను సన్నని పచ్చని పుల్లలు నిజమునకు ఆకులు కావు. అవి కణుపులు గల లేత రెమ్మలు. అసలు ఆకులు ఆ కణుపుల చుట్టు మిక్కిలి చిన్న పొలుసులుగ నుండును. నరికిన కొమ్మ ఎండిన కొలది ఈ రెమ్మలు కణుపు కణుపునకు విడిపోయి పొడుముగ రాలును. రెండు మూడు దినములలోనే నేల నిండిపోవును. క్రింద గుడ్డ యున్నచో దానిని నాలుగు మూలల పట్టి వాకిట దులుపుకొనవచ్చును. లేనిచో ఆ పొడుము పండుగ ముగియువరకు పిల్లల పాదములతోపాటు ఇల్లంతయు తిరుగును.

కావున గుడ్డను ఎన్నుకొనుటలో మొదటి నియమ మిది: నేత దట్టముగను, పైభాగము నున్నగను ఉండవలెను. ముఖమలు చూచుటకు ఇంపుగ నుండును గాని సరుగుడు పొడుము దాని నూగులో చిక్కుకొని రాదు. తువాలు గుడ్డయు అంతే. మధ్యరకపు నూలు పాప్లిన్, బరువైన చేనేత గుడ్డ, కోరా గుడ్డ తగినవి. ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు వాడుకలో నున్న రంగులు. కోరా గుడ్డను, చేనేతను కత్తిరించుటకు ముందే ఒక రాత్రి నీటిలో నానవేసి ఆరవేయవలెను. లేనిచో కుట్టిన తరువాత మొదటి ఉతుకులోనే కుదించుకొనిపోవును. ఎర్రగుడ్డ యైనచో తడిపి తెల్లగుడ్డతో రుద్ది చూడవలెను. రంగు దిగు గుడ్డకు తెల్లని లేసు వేసినచో ఒక్క ఉతుకుతో లేసు శ్రమ యంతయు వ్యర్థ మగును.

రెండవ విషయము చెట్టు నిలుచు తీరు. పాశ్చాత్యుల పావడా గుండ్రముగ కత్తిరించినది. పొట్టి ఇనుప కాళ్ళపై నిలిచిన చెట్టు చుట్టు నేలపై పరచుకొనును. అంగడిలో కొన్న కృత్రిమ వృక్షమునకు అది సరిపోవును. మన సరుగుడు కొమ్మ నిలుచునది తడి ఇసుక నింపిన బకెట్టులో. జానెడుకు మించిన ఎత్తు గల బకెట్టుపై గుండ్రని గుడ్డను కప్పినచో అందులో చాలభాగము బకెట్టు గోడకే సరిపోయి, నేలపై పరచుకొనుటకు మిగులదు. దీనికి తగిన పరిష్కారము మన ఇండ్లలోనే కలదు. అది ఆడపిల్లల కుచ్చెళ్ళ పావడా. నిలువుగుడ్డను కత్తిరింపు నష్టము లేకుండ నడుము వద్ద బొందుతో దగ్గరకు తీయుటయే దాని సూత్రము. ఇచట బకెట్టు అంచే నడుము.

లెక్క చూతము. సాధారణమైన బకెట్టు నోరు 28 సెంటీమీటర్ల అడ్డుకొలత, ఎత్తు 28 సెంటీమీటర్లు అనుకొందము. గుడ్డ బకెట్టు ఎత్తున 28 సెంటీమీటర్లు దిగి, నేలపై మరి 32 సెంటీమీటర్లు పరచుకొనవలెను. మొత్తము 60. బొందు దూర్చు గొట్టమునకు 4, క్రింది మడతకు 3 కలిపిన 67 సెంటీమీటర్లు. ఇక పొడవు. బకెట్టు అడుగు కొంత సన్నగ నుండును. దాని వ్యాసార్ధము 10 అనుకొనిన, నేలపై గుడ్డ అంచు చెట్టు నడిమినుండి 42 సెంటీమీటర్ల దూరమున నుండును. ఆ వృత్తపు చుట్టుకొలత 264 సెంటీమీటర్లు. కుచ్చెళ్ళు తీరుగ పడుటకు కొంత ఎక్కువ కావలెను గనుక 3 మీటర్ల గుడ్డ తీసికొనుట మంచిది. బకెట్టు నోటి చుట్టుకొలత 88 సెంటీమీటర్లు. మూడు మీటర్లు అందులోనికి దగ్గరకు వచ్చినచో గుడ్డ ఇంచుమించు మూడున్నర రెట్లు కుచ్చెళ్ళు పోవును. మందము మితిమీరక, బోసిపోక నిలుచు ప్రమాణ మిది.

112 సెంటీమీటర్ల పన్నా గల గుడ్డలో 67 సెంటీమీటర్లు పావడాకు పోగా 45 సెంటీమీటర్ల వెడల్పు గల పట్టీ మిగులును. దాని నుండి బకెట్టు నోటిని, ఇసుకను కప్పు గుండ్రని మూతగుడ్డను తీయవలెను. దాని అడ్డుకొలత 40 సెంటీమీటర్లు. నడుమ కొమ్మ పట్టునంత రంధ్రము, అంచునుండి రంధ్రము వరకు ఒక చీలిక ఉంచి, అన్ని అంచులను మడిచి కుట్టవలెను. ఇట్లు మూతగుడ్డ వేరుగ నుండుటవలన గొప్ప సౌకర్యము కలదు. దినదినము ఇసుకను తడుపునపుడు పావడాను కదలింప నక్కరలేదు. మూతగుడ్డను తీసి నీరు పోసి మరల కప్పవచ్చును.

కుట్టు క్రమము సులభము. ముందు రెండు ప్రక్క అంచులను సన్నగ మడిచి కుట్టవలెను. ఈ రెంటిని కలుపరాదు. పావడా వెనుక తెరచియున్నచో కొమ్మను నాటిన తరువాతగూడ చుట్టవచ్చును. పై అంచును 4 సెంటీమీటర్లు మడిచి బొందు గొట్టము కుట్టవలెను. అడుగు అంచున మొదట కచ్చా కుట్టు వేసి, మడత సమముగ నున్నదని చూచుకొని, పిదప మడత కుట్టు వేయవలెను. గట్టి నూలు బొందును దూర్చి, బకెట్టు అంచుకు దిగువగా బిగించి కట్టవలెను. కుట్టుమిషను ఉన్నచో రెండు గంటల పని. చేతికుట్టు అయినచో రెండు మూడు సాయంకాలముల పని. సంక్రాంతి బట్టలతో దర్జీలకు తీరిక లేని దినములివి గనుక ఇంటనే కుట్టుకొనుట సమయమునకు గూడ మేలు. చిన్నదైపోయిన పిల్ల పావడా పెట్టెలో నున్నచో కుట్టు సగము అయినట్లే. దాని ప్రక్కకుట్టు విప్పిన చాలును. బొందు, కుచ్చెళ్ళు సిద్ధముగ నుండును.

పొట్టి కాళ్ళపై నిలుచు కృత్రిమ వృక్షము గలవారికి గుండ్రని పావడా తగును. 112 సెంటీమీటర్ల పన్నాలో అంతే పొడవు గల చదరపు ముక్కను తీసి నాలుగు మడతలు చేయవలెను. మడతలు కలసిన మూలయే వృత్తపు కేంద్రము. అచట గుండుసూదితో దారమును గుచ్చి, రెండవ కొనకు సుద్దను కట్టి, 55 సెంటీమీటర్ల దూరమున ఒక చాపము, 5 సెంటీమీటర్ల దూరమున మరియొక చాపము గీయవలెను. నాలుగు పొరలు జరుగకుండ గుండుసూదులు గుచ్చి కత్తిరించిన, నడుమ రంధ్రము గల వృత్తము వచ్చును. ఒక మడత వెంబడి, అనగా పోగు వెంబడి, అంచునుండి రంధ్రము వరకు చీల్చవలెను. పోగు వెంబడి చీల్చిన అంచు సాగదు. ఏటవాలుగ చీల్చినది సాగి వంకర పోవును. గుండ్రని అంచు కొన్నిచోట్ల పోగు వెంబడియు, కొన్నిచోట్ల ఏటవాలుగను ఉండును గనుక, కత్తిరించిన వెంటనే చుట్టును ఒక వరుస కచ్చా కుట్టు వేసి ఉంచవలెను. లోపలి రంధ్రమునకు క్రాసుపట్టీ వేయవలెను. నిలువుపట్టీ ఆ వంపునకు ఒదుగదు. చీలికకు రెండు వైపుల నాలుగేసి బొందులు కుట్టిన చాలును.

ఇక అంచున లేసు. గుండ్రని అంచునకు లేసు కుట్టుటలో అనుభవము లేనివారు తరచు తడబడుదురు. చుట్టుకొలత కొలిచి, సరిగ అంత లేసునే తెచ్చి కుట్టుదురు. లేసు పైకి ముడుచుకొని, పావడా అంచు గిన్నెవలె లేచును. కారణము స్పష్టమే. 55 సెంటీమీటర్ల వ్యాసార్ధము గల వృత్తపు చుట్టుకొలత సుమారు 346 సెంటీమీటర్లు. దానికి 5 సెంటీమీటర్ల వెడల్పు గల లేసు కుట్టినచో లేసు వెలుపలి అంచు 60 సెంటీమీటర్ల దూరమున నుండును. అచటి చుట్టుకొలత 377. ఈ 31 సెంటీమీటర్ల తేడాను లేసు ఎచటినుండియో తెచ్చుకొనవలెను గదా. వృత్తము చిన్నదైనను పెద్దదైనను ఈ తేడా ఒక్కటే: లేసు వెడల్పునకు సుమారు ఆరుంబాతిక రెట్లు. కావున ఆ మేరకు లేసు ఎక్కువ తీసికొని, గుడ్డవైపు అంచును దారముతో కొద్దిగ దగ్గరకు తీసి, అంతటను సమముగ సర్ది కుట్టవలెను. కుచ్చెళ్ళ పావడా అంచు తిన్ననిది గనుక దానికి ఈ చిక్కు లేదు. ఉన్న కొలతకు లేసు తెచ్చిన చాలును.

క్రోషే అల్లిక నేర్చినవారు లేసును విడిగ తెచ్చుకొన నక్కరలేదు. గుడ్డ అంచునే అల్లుకొనవచ్చును. ముందు అంచంతయు సెంటీమీటరు ఎడముగ కాజా కుట్టు వేయవలెను. ఆ కుట్టు ఉచ్చులే అల్లికకు పునాది. మొదటి వరుసలో నాలుగేసి గొలుసులు అల్లి ఒక్కొక్క ఉచ్చులో కొక్కెముతో బిగింపవలెను. రెండవ వరుసలో ఐదేసి, మూడవ వరుసలో ఆరేసి గొలుసులు అల్లవలెను. వరుస వరుసకు ఒక గొలుసు హెచ్చుట చేత అంచు తానై విశాల మగును; పైన చెప్పిన లెక్క అల్లికలోనే తీరిపోవును.

ఈ అల్లిక మన జిల్లా చేతిలో నున్న విద్య. పెంటపాడు నుండి తాడేపల్లిగూడెము, భీమవరముల మీదుగా పోయిన, ఒక పూటలో నరసాపురము చేరవచ్చును. నరసాపురము, పాలకొల్లు పరిసర గ్రామములలో తరతరములుగ స్త్రీలు సన్నని నూలు దారముతో లేసు అల్లుచున్నారు. విలియం బౌడెన్, జార్జి బీరు అను ఆంగ్ల మిషనరీలు 1836లో ఇంగ్లండు విడిచి ఈ తీరమునకు వచ్చిరి. వారు నెలకొల్పిన గోదావరి డెల్టా మిషనుకు నరసాపురము, పాలకొల్లు ముఖ్యస్థానము లయ్యెను. ఆ 19వ శతాబ్దముననే మిషనరీ కుటుంబముల స్త్రీలు పేద క్రైస్తవ స్త్రీలకు లేసు పనిని నేర్పిరి. పిదప అది రైతు కుటుంబముల స్త్రీలకును వ్యాపించెను. ఒకరు పూలు అల్లుదురు. మరియొకరు వానిని జతచేయు అతుకుపని చేయుదురు. వర్తకులు దారము నిచ్చి, అల్లిన లేసును సేకరించి, దూరదేశములకు పంపుదురు. బల్లగుడ్డలుగ, పడకదుప్పట్లుగ, చిన్నచిన్న పళ్ళెపు గుడ్డలుగ అది ఐరోపా, అమెరికా గృహములను చేరును. 2024లో నరసాపురపు క్రోషే లేసుకు భౌగోళిక గుర్తింపు లభించినది.

కీర్తి దూరము పోయినంత వేగముగ కూలి పెరుగలేదు. మారియా మీస్ అను జర్మను సామాజికశాస్త్రవేత్త 1970 దశకపు చివర నరసాపుర ప్రాంతమున ఈ పనిని పరిశీలించి, 1982లో గ్రంథమును ప్రకటించిరి. దినమునకు ఆరు నుండి ఎనిమిది గంటలు లేసు అల్లుచున్న స్త్రీలను లోకము పనివారుగ గాక, తీరిక వేళ కాలక్షేపము చేయు గృహిణులుగ లెక్కించుచున్నదని, కూలి మిక్కిలి తక్కువగ నుండుటకు ఈ లెక్కయే ముఖ్యకారణమని ఆమె చూపిరి. వంటయింటి పని ముగించి గడపలో కూర్చుండి అల్లుటచేత, అది పనివలె కనబడదు. కనబడని పనికి వెల కట్టుట కష్టము.

ఆ వెలను తెలిసికొనుటకు ఒక ఉపాయము కలదు. పైన చెప్పిన మూడు వరుసల అంచును పది సెంటీమీటర్ల మేర మాత్రము స్వయముగ అల్లి, గడియారము చూచుకొనవలెను. నేర్చిన చేతికి ఇరువది నిమిషములు పట్టినదనుకొందము. మూడున్నర మీటర్ల అంచునకు ముప్పదియైదు పర్యాయములు అంతకాలము, అనగా ఏడువందల నిమిషములు, ఇంచుమించు పండ్రెండు గంటలు కావలెను. రెండు దినముల పని, అదియు సాదా అంచునకు. పూలు, ఆకులు గల లేసైన నింక నెన్ని దినములో ఊహించుకొనవచ్చును. వరినాట్లకు, కోతలకు వచ్చిన స్త్రీకి రెండు దినములకు ఎంత కూలి ఇచ్చుచున్నామో మన కందరకు తెలియును. లేసు కొనునపుడు ఆ మొత్తమును మనస్సున నుంచుకొని బేరము చేయుట న్యాయము. యంత్రముపై నేసిన లేసు చౌక. వలసినవారు దానిని కొనవచ్చును; తప్పేమియు లేదు. కాని యంత్రపు వెలకు చేతిపనిని అడుగరాదు. ఈ రెంటిని గుర్తించుట కష్టము కాదు. క్రోషే లేసు చివరి ముడిని విప్పి దారము లాగినచో ఉచ్చు వెంట ఉచ్చు వరుసగ ఊడివచ్చును. యంత్రపు లేసు అట్లు ఊడదు.

పావడా సిద్ధమైన పిమ్మట కొన్ని జాగ్రత్తలు అవసరము. ఎండిన సరుగుడు త్వరగ అంటుకొనును, నూలుగుడ్డయు అంతే, నైలాను వంటివి కరిగి ఒంటికి అంటుకొనును. కావున చెట్టు దరిని కొవ్వొత్తి వెలిగింపరాదు. విద్యుద్దీపముల తీగలకు అతుకులున్నచో అవి పావడా మడతలలో పడకుండ పైకి కట్టవలెను. ఇసుక ఎప్పుడును తడిగ నుండవలెను; తడి తగ్గినకొలది కొమ్మ ఎండును, పొడుము హెచ్చును. కొల్లేటి వైపు ఇండ్లలో నేలచెమ్మ ఎక్కువ గనుక పావడా క్రింద ఒక తుంగచాప పరచుట మంచిది. పండుగ తరువాత పావడాను దులిపి, చల్లని నీట ఉతికి, గంజి పెట్టకుండ నీడన ఆరవేయవలెను. గంజి యున్న గుడ్డను పురుగు కొట్టును. లేసు అంచును మడతలు పెట్టక చుట్టగ చుట్టి, ఎండిన వేపాకుతో పెట్టెలో నుంచిన మరుసటి సంవత్సరమునకు చెడక నిలుచును.

నూరేండ్లకు పైగా ఈ డెల్టాలో అల్లిన లేసులో అధికభాగము పరదేశపు ఇండ్లలో పరచుటకే పోయినది. అల్లిన చేతులు గల ఇండ్లలో మాత్రము పండుగనాడు బకెట్టుకు వార్తాపత్రికయే చుట్టుగుడ్డ యైనది. మూడు మీటర్ల నూలుగుడ్డ, ఒక బొందు, కొద్దిపాటి దారము ఈ లోటును తీర్చగలవు. ఈ డిసెంబరున అల్లిక వచ్చినవారు ఒక పావడా అంచైనను తమ ఇంటికొరకు అల్లుకొందురనియు, రానివారు అల్లిన చేతికి తగిన వెల ఇచ్చి కొందురనియు మేము ఆశించుచున్నాము.